ముందే అచ్చయిపోయిన సాక్ష్యం

వెలుగును ముందు కలగజేసి, ఆ వెలుగును చూసేందుకు ఆ తరవాత కళ్ళను చేసిన దేవునికి స్తోత్రం. ఇచ్చినప్పుడు నా అర్హత అడగలేదు. తీసుకుంటున్నప్పుడు కారణం చెప్పడం లేదు. రెండు వేళలా ఆయన నాకు దేవుడే. నా కుడికంట్లో ఇంకా మిగిలివున్న చిన్న కిటికీ కోసం ఆయనకు స్తోత్రం. ఈ ఉదయం ఆ కిటికీలోంచి కనిపించిన ఒక కొబ్బరిమట్ట కోసం, దాని కింద తీగ మీద ఆరేసిన మా వదిన చీర అంచు కోసం స్తోత్రం. ఆయన మీద నాకు ఫిర్యాదు లేదు. నా ఫిర్యాదంతా మనుషుల మీద. అందులో మొదటి మనిషిని నేనే.

నేను హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను. మాది పి.గన్నవరం దగ్గర కాలువ గట్టున ఉన్న ఊరు. భర్త ప్రభువు దగ్గరికి వెళ్ళాక మా అన్నయ్య ఇంటి పక్క వాటాలో ఉంటున్నాను. రోజుకు రెండుసార్లు నా కళ్ళలో చుక్కల మందు వేసేది మా వదినే. నాకున్న జబ్బు నీటికాసులు, డాక్టర్లు గ్లకోమా అంటారు. ఎడమ కన్ను పూర్తిగా పోయింది. కుడికంటి చూపు అంచుల నుంచి లోపలికి ముడుచుకుంటూ వస్తోంది. కాకినాడ డాక్టరు గారు మొదటి రోజే చెప్పేశారు: పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నది నిలుపుకోవడానికే ఈ చుక్కలు, ఒక్క పూట కూడా మానకూడదు.

ఆ రోజు బస్సులో ఇంటికి వస్తూ నేను కళ్ళ గురించి ఆలోచించలేదు. బైబిలు చివర, ప్రకటన గ్రంథంలో ప్రభువు ఉత్తరాలు రాయించిన ఏడు సంఘాల గురించి ఆలోచించాను. చిన్నప్పుడు సండే స్కూల్లో ఆ ఏడు పేర్లూ వేళ్ళు ముడుస్తూ వరసగా చెప్పేదాన్ని. ఆ ఊళ్ళన్నీ ఇప్పటి టర్కీలో ఉన్నాయనీ, శిథిలాల మధ్య నడవవచ్చనీ తెలిసిన దగ్గర్నుంచి వెళ్ళాలని కోరిక. అన్నిటికన్నా ఏడో ఊరు. కళ్ళు కనిపించడానికి తన దగ్గర కాటుక కొనుక్కోమని ప్రభువు చెప్పి పంపింది ఆ సంఘానికే. ఈ మాట మా వదినతో అంటే ఆవిడ కొబ్బరి కోరుతూ తల కూడా ఎత్తలేదు.

"కాటుక కోసం అంత దూరమెందుకొదినా? అమలాపురంలో దొరకదా?"

కళ్ళు పోయేలోగా చెవులను పనిలో పెట్టాలనుకున్నాను. ఫోన్లో టర్కిష్ నేర్చుకోవడం మొదలుపెట్టాను. చెప్పే అమ్మాయి అక్కడే, ఆ ఏడు ఊళ్ళలో ఒకటి ఇప్పుడు పెద్ద నగరంగా మారిన చోట ఉంటుంది. వారానికి రెండు మధ్యాహ్నాలు పాఠం. నేను టీచర్నని తెలిశాక నన్ను 'హోజమ్' అని పిలవసాగింది. మన దగ్గర 'మా టీచర్ గారూ' అన్నట్టే. పాఠం చెప్పేదేమో తను!

ఒక రోజు ఆ అమ్మాయి, వచ్చే ఏడాది ఏం చేయబోతున్నారో చెప్పమంది. నేను ఛాతీ నిండా గాలి పీల్చుకుని "గెలెజెయిమ్" అన్నాను. వస్తాను, ఖాయం అని.

"టికెట్ తీసుకున్నారా, హోజమ్?" అని ఇంగ్లీషులో అడిగింది.

"లేదు."

"వీసా?"

"ఇంకా పాస్‌పోర్టే లేదు."

"డాక్టరు ప్రయాణం చేయమన్నారా?"

"అడగలేదు."

"మరి గెలెజెయిమ్ అంటారేం? నిశ్చయమైపోయిన ప్రయాణానికి అనే మాట అది. మీరు గెలిరిమ్ అనండి. ముందు బెల్కి తగిలించండి. బహుశా వస్తాను అని."

నాకు కోపం వచ్చింది. నా విశ్వాసాన్ని ఒక మెట్టు దించుకోమంటోంది అనుకున్నాను. మా సంఘంలో సందేహంగా మాట్లాడరని, దేవుని పని విషయంలో బహుశా అనే మాటే ఉండదని చెప్పాను. ఆ అమ్మాయి అంది:

"మా అమ్మమ్మను ఎవరు పెళ్ళికి పిలిచినా గెలిరిమ్ అనేది, హోజమ్. రాననే ఉద్దేశం కాదు. మనసు బయల్దేరింది, కాళ్ళ సంగతి దేవుడికి తెలుసు అని."

ఫోను పెట్టేశాక చాలాసేపు ఆ మాట నమిలాను. ఆ గెలిరిమ్ అనే రూపమే వాళ్ళు రోజూ చేసే పనికీ వాడతారట. రోజూ వస్తాను, పిలిస్తే వస్తాను, బహుశా వస్తాను, అన్నిటికీ అదే. మన 'వస్తాను' కూడా అంతే కదా. అరవై ఏళ్ళుగా నోట్లో ఉన్న మాట అది. ఇంగ్లీషులో విల్ వేరు, మే వేరు, మైట్ వేరు అని బోర్డు మీద రాసి రాసి చేతులు సుద్దయ్యాయి గానీ, నా సొంత 'వస్తాను' ఎంత బరువు మోస్తుందో ఒక్కసారి కూడా తూచి చూడలేదు.

మా పెద్దవాళ్ళకు ఆ తూకం తెలుసు. మా నాన్నగారు దగ్గర్లోని ముక్తేశ్వరం వెళ్ళొస్తానని చెప్పడానికి కూడా ముందు 'ప్రభువు చిత్తమైతే' అనేవారు. మా పెళ్ళి పత్రికల మీద ఆ మాట ఉండేది. ఈమధ్య అది మా మందిరంలో వినపడటం మానేసింది. బయటి నుంచి వచ్చే ప్రసంగీకులు కొత్త పద్ధతి నేర్పారు. ఉద్యోగం రావాలంటే వచ్చేసిందని పలకాలి. జబ్బు తగ్గాలంటే తగ్గిపోయిందని పలకాలి. జరగవలసింది జరిగిపోయినట్టు గట్టిగా చెబితే అదే విశ్వాసం. అందరితో పాటు నేనూ చెయ్యెత్తి పలికాను. ఆ పలుకుడే తిరిగి నా మీదికి వచ్చింది.

మా మందిరంలో రెండో ఆదివారం బైబిలు పాఠం చదివే వంతు నాది. నా వయసు ఆడవాళ్ళలో వేదిక మీది బల్ల దగ్గర నిలబడి చదివేది నేనొక్కదాన్నే. అక్షరాలు చెదిరిపోవడం మొదలయ్యాక శనివారం పూట మా వదిన పాఠం చదువుతుంటే నేను వెంట చెప్పి కంఠస్థం చేసేదాన్ని. చాలా భాగాలు చిన్నప్పటి నుంచి నోటికొచ్చినవే. ఆదివారం గ్రంథం తెరిచి, వరసల వెంట వేలు జరుపుతూ చెప్పేదాన్ని. పేజీ ఎక్కడ తిప్పాలో కూడా గుర్తుపెట్టుకుని తిప్పేదాన్ని. మెట్లు మూడని లెక్కపెట్టుకుని ఎక్కేదాన్ని. వదినకు తప్ప ఎవరికీ తెలియదు. తెలిస్తే ఆ బల్ల నాకు దక్కదు. అందుకే దాచాను. ఇంతకన్నా మంచి కారణం ఏదీ నా దగ్గర లేదు.

ఒక ఆదివారం కళ్ళద్దాలు ఇంట్లో మరిచిపోయాను. అవి ఎలాగూ అలంకారానికే. పొడుగాటి కీర్తన ఒకటి ఆ రోజు పాఠం. ఎక్కడా తడబడకుండా చెప్పాను. ఆరాధన అయ్యాక సంఘ కార్యదర్శి పరుగున వచ్చి నా రెండు చేతులూ పట్టుకున్నాడు. అతను నా దగ్గర చదువుకున్నవాడే. ఇప్పుడు సచివాలయంలో ఉద్యోగం. మంచి మనిషి, ఆత్రం మనిషి.

"టీచర్ గారండీ, అద్దాల్లేకుండా చదివేసేరండి! చూపొచ్చేసిందాండీ?"

చుట్టూ ఆడవాళ్ళు మూగారు. ఎవరో అప్పటికే ఏడుస్తున్నారు.

"దేవునికి స్తోత్రం, నాయనా" అన్నాను.

మా సంఘంలో ఏ ప్రశ్నకైనా సరిపోయే జవాబు అది. ఇంటికి వెళ్ళే దారిలో వదిన అంది: "నువ్వు అవునన్నావో కాదన్నావో పక్కనున్న నాకే తెలీలేదొదినా."

నేను మాట మార్చాను.

పది రోజుల తరవాత వార్షిక సభల కరపత్రం వచ్చింది. వదిన అరుగు మీద కూర్చుని పైనుంచి కిందికి చదువుతూ మధ్యలో ఆగిపోయింది.

"ఏమైంది?"

"విశేష సాక్ష్యం" అని చదివింది. "కంటిచూపు కోల్పోయి, ప్రార్థన ద్వారా తిరిగి పొందిన రిటైర్డ్ టీచర్ గారు. ఫోటో కూడా వేసేరు. నీ రిటైర్మెంటు దండ ఫోటో."

"అయ్యో."

"అందులో నువ్వు కళ్ళు మూసుకునున్నావొదినా."

ఇద్దరం నవ్వాం.  గన్నవరం అక్విడక్టు దగ్గర ఫ్లెక్సీ కూడా కట్టారని అన్నయ్య చెప్పాడు. కార్యదర్శిని ఇంటికి పిలిపించాను.

"ఎవర్ని అడిగి వేసేవ్ ఇది?"

"అదేంటండీ, మీరే కదండీ స్తోత్రం అన్నారు."

"స్తోత్రమంటే చూపొచ్చిందనా?"

"ఆయ్. రాకపోతే స్తోత్రమెందుకండీ?"

తొమ్మిదో తరగతిలో అతని జవాబులు దిద్దినదాన్ని. ఆ పూట మాత్రం అతని ప్రశ్నను దాటేసి అసలు సంగతికొచ్చాను.

"చూపు రాలేదురా. చుక్కలు ఇంకా వేసుకుంటున్నాను."

"వేసుకోండండీ, ఎవరొద్దన్నారు. స్టేజీ మీద చెప్పక్కర్లేదు కదండీ. వచ్చేసిందని పలకండి, అదే వచ్చేద్ది. ప్రసంగీకులు గారూ అదే చెప్పేరు. కరపత్రాలు ఏటి లంకల దాకా వెళ్ళిపోయేయండి. ఇప్పుడు కాదంటే మందిరం పరువేమవుద్ది?"

"నీకు టెన్సులు చెప్పింది నేనే. జరిగినదానికీ జరగాల్సినదానికీ తేడా నేర్పలేదూ?"

"నేర్పేరండీ. అప్పుడు కూడా నాకు సగం మార్కులే ఇచ్చేరు."

వదిన లోపల ఫక్కుమంది. అతను చెప్పులేసుకుంటూ గొంతు తగ్గించాడు. బెదిరింపుగా అనలేదు, నా మేలు కోరే అన్నాడు. "ఒక్క సంగతండీ. చూపు లేదంటే మరి ఇన్నాళ్ళూ పాఠం ఎలా చదివేరని అడుగుతారండి జనం. అదీ ఆలోచించుకోండి."

నేను ఆలోచించుకున్నాను. నిజం చెప్పాలి కాబట్టి చెబుతున్నాను: రెండు రోజుల పాటు ఒప్పుకోవడానికే సిద్ధపడ్డాను. అబద్ధం లేకుండా, నిజమూ లేకుండా ఒక సాక్ష్యం మనసులో కూర్చుకున్నాను. 'ప్రభువు నా కళ్ళను ముట్టాడు' అంటే ఎవరు కాదనగలరు? అలాంటి వాక్యాలు ఏడెనిమిది పేర్చుకున్నాను. బల్ల మిగులుతుంది, పరువు మిగులుతుంది.

సభలకు ముందు రోజు మధ్యాహ్నం ఒకామె మా గుమ్మం ముందుకొచ్చింది. సముద్రం వైపు నుంచి, పంటు మీద ఏరు దాటి, రెండు ఆటోలు మారి వచ్చింది. చేపల వేట చేసుకునే కుటుంబం. మా మందిరం మనిషి కాదు, మా మతమూ కాదు. కరపత్రాన్ని నాలుగు మడతలు పెట్టి కొంగున ముడేసుకుంది.

"ఈ కాయితంలో ఉన్నది నువ్వేనా అమ్మా?"

"నేనే."

"మా ఆయనకీ ఇదేనంటమ్మా. నీటికాసులు. పడవ మీద తాడు పట్టుకోబోయి గాలిని పట్టుకుంటన్నాడు. నువ్వెన్ని శుక్రవారాలు ఉపోసం ఉన్నావో సెప్పు. నేనుంటాను."

"చుక్కల మందు వేస్తున్నారా ఆయనకి?"

"ఏసేదాన్నమ్మా. ఈ కాయితం వొచ్చిన కాణ్ణించి ఆపేసేను. దేవుడు సేత్తుంటే మధ్యలో మందెందుకని."

 ఆవిడ ఎక్కడ కూర్చుందో గొంతును బట్టి తెలుస్తోంది గానీ మొహం నా కిటికీలో పడటం లేదు. అరుగు మీద తడుముకుంటూ ఆవిడ భుజం పట్టుకున్నాను.

"నాకు చూపు రాలేదమ్మా."

ఆవిడ నమ్మలేదు. గాజులు కదిలిన చప్పుడైంది.

"ఎన్ని వేళ్ళు సూపించేను?"

"తెలీదు. నీ చెయ్యే కనపడలేదు."

కొంగు ముడి విప్పి ఆ కాగితం నా చేతిలో పెట్టింది. తరవాత అడిగింది, కోపంగా కూడా కాదు: "మరి అచ్చెందుకేసేరమ్మా?"

నేను కూర్చుకున్న ఏడెనిమిది వాక్యాలూ అక్కడే పడిపోయాయి. డాక్టరు గారు నాతో అన్న మాటలన్నీ ఆవిడకు చెప్పాను. ఈ సాయంత్రమే చుక్కలు మళ్ళీ మొదలుపెట్టమన్నాను. రేపు సభకు భర్తను తీసుకురమ్మన్నాను.

"పంటుంటే వొత్తామమ్మా" అని లేచింది.

గెలిరిమ్ అన్నట్టే అనిపించింది నాకు.

మర్నాడు సాయంత్రం పందిరి నిండిపోయింది. కార్యదర్శి మైకులో నా పేరు చెప్పి, దేవుని కార్యాన్ని కళ్ళారా చూడండి అన్నాడు. నేను మెట్లు లెక్కపెట్టలేదు. అందరూ చూస్తుండగా వదిన భుజం మీద చెయ్యివేసి ఎక్కాను. పందిరిలో గుసగుస లేచింది.

"నాకు చూపు రాలేదు" అన్నాను. మైకు పెద్దది. ఆ మాట కాలువ అవతలి దాకా వెళ్ళి ఉంటుంది. "ఈ కరపత్రంలో ఉన్నది జరగలేదు. జరగవచ్చు, జరగకపోవచ్చు. కొన్ని నెలలుగా నేను మీ ముందు చదవడం లేదు. చూడకుండా చెబుతూ, చదువుతున్నట్టు నటించాను. ఆ బల్ల పోతుందని భయపడి దాచాను. ఇది మొదట నా తప్పు."

కీబోర్డు వాయించేవాడు నన్ను కప్పెయ్యడానికి పల్లవి ఎత్తుకున్నాడు. వాడూ నా విద్యార్థే.

"ఆపు" అన్నాను, క్లాసులో అన్నట్టు. ఆపేశాడు.

"అగ్నిగుండం ముందు నిలబడ్డ ముగ్గురు యువకులు రాజుతో ఏమన్నారో మీకు నేనే సండే స్కూల్లో చెప్పాను. మా దేవుడు మమ్మల్ని తప్పించగలడు అన్నారు. తప్పించకపోయినా నీ బొమ్మకు మొక్కం అన్నారు. తప్పించేశాడని ముందే చాటించుకోలేదు. వాళ్ళది అవిశ్వాసమా? చూపు రాకపోతే స్తోత్రమెందుకని నన్నొకరు అడిగారు. రాకపోయినా స్తోత్రమే. ఈ రెండో కన్ను పోయిన రోజున కూడా ఈ నోటితో స్తోత్రం చెబుతాను. ఎవరాపుతారో చూస్తాను. ఇంకొక మాట. ఈ కాగితం చూసి కంటి చుక్కలు ఆపేసినవాళ్ళు ఎవరున్నా, ఇంటికి వెళ్ళగానే వేసుకోండి. ఆ మందూ ఆయనిచ్చిందే."

ప్రసంగీకులు గారు మైకు అందుకున్నారు. ఈ సహోదరిలో ఉన్న సందేహపు ఆత్మ విడిచిపోవాలని అందరం ప్రార్థిద్దాం అన్నారు.

"ప్రార్థన వద్దననండి" అన్నాను మైకు లేకుండానే. "ఈసారి మాత్రం ముందే అచ్చు వేయకండి."

ఆడవాళ్ళ వైపు నుంచి నవ్వు వినిపించింది. ఒకరిద్దరిది కాదు. దిగి వస్తుంటే జనంలోంచి ఒక గరుకు చెయ్యి నా మోచెయ్యి పట్టుకుంది.

"పంటు దొరికిందమ్మా. ఈయన్నీ తెచ్చేను. నిన్న సాయంత్రం నుంచే ఏసేను మందు."

తరవాతి నెల పాఠాల పట్టికలో నా పేరు లేదు. అనుకున్నదే. నా వంతు ఒక అమ్మాయికి ఇచ్చారు. బాగానే చదువుతుంది గానీ తొందర. నేను ముందు బెంచీలో కూర్చుంటాను. ఆ అమ్మాయి వరస దాటేసినప్పుడల్లా కూర్చున్నచోటి నుంచే, అందరికీ వినపడేలా ఆ వరస చెబుతాను. మొదటి వారం కార్యదర్శి దగ్గాడు. రెండో వారం దగ్గలేదు. మూడో వారం ఆరాధనయ్యాక వచ్చి, "టీచర్ గారండీ, వచ్చే ఏటి కరపత్రం అచ్చుకిచ్చే ముందు మీకోసారి చదివి వినిపిస్తానండి" అన్నాడు.

"ప్రభువు చిత్తమైతే వింటాను" అన్నాను.

పాస్‌పోర్టు వచ్చింది. అందులోని ఫోటోలో కళ్ళు తెరిచే ఉన్నాయని వదిన చెప్పింది. తనూ తీసుకుంది, నేను కనబడని రాళ్ళకు తగిలి పడతానట. వచ్చే ఏడాదికి నా చూపు ఎంత మిగులుతుందని కాకినాడలో అడిగితే డాక్టరు గారు చెప్పలేనన్నారు. తెలియనిది తెలియదని చెప్పినందుకు ఆయన్ను గౌరవించాను. మొన్న టర్కిష్ పాఠంలో ఆ అమ్మాయి మళ్ళీ అదే ప్రశ్న అడిగింది, వచ్చే ఏడాది ఏం చేస్తారని.

"గెలిరిమ్" అన్నాను. బెల్కి కూడా పెట్టాను. ఈసారి ఆ మాట నాకు చిన్నదిగా అనిపించలేదు.

"బెక్లెరిమ్, హోజమ్" అంది. ఎదురు చూస్తుంటానని.

చూపు ఉంటే ఆ ఏడో ఊరి రాళ్ళను చూస్తాను. లేకపోతే చేతులతో తడిమి చూస్తాను. అసలు వెళ్ళలేకపోతే ఈ అరుగు మీదే ఏడు పేర్లూ వరసగా చెప్పుకుంటాను. ఇది చదువుతున్న మీరు నాతో కలిసి ప్రార్థించండి. నా కంటి కోసం, ఏటి అవతల పడవ మీద తాడు కోసం తడుముకుంటున్న ఆయన కంటి కోసం అడగండి. గట్టిగా అడగండి, సిగ్గుపడకండి. ఇచ్చేశాడని మాత్రం చెప్పకండి. ఆయన చెప్పేదాకా ఆ మాట ఆయనకే వదిలి, మనం చేతులు చాపి నిలబడదాం. ఆమేన్.